గోడకి ముక్కులు పెట్టిన మేస్త్రీ

మా పెంకుల ఫ్యాక్టరీ కట్టిన మేస్త్రీ బాబాయి మొన్న మంగళవారం రేపల్లెలో పోయారు. కబురు వినగానే ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఎందుకో చెప్తాను.

తెనాలి శివార్లలో ఆ ఫ్యాక్టరీ పునాది నుంచి పొగగొట్టం దాకా ఆయన చేతి మీదుగానే లేచింది. నేను అప్పుడే గుమాస్తాగా చేరాను. పచ్చి పెంకులు ఆరబెట్టే షెడ్డుకి దక్షిణపు గోడ కడుతూ, వరసకి నాలుగైదు ఇటుకలు వదిలేస్తుంటే, "ఏంటి బాబాయ్, ఈ బొక్కలు?" అన్నాను.

"బొక్కలు కాదురా అబ్బాయ్, ముక్కులు. పైరగాలి లోపలికి రావద్దూ? పచ్చి పెంకు ఎండకి పెడితే వంకరపోద్ది. నీడన గాలికి ఆరాలి."

రోజూ సాయంత్రం ఆ సందుల దగ్గర అరచెయ్యి పెట్టి చూసుకునేవారు. గాలి తగిలాకే బీడీ వెలిగించేవారు.

ఫ్యాక్టరీ లేచాక బాబాయి మరమ్మతులు చూసుకుంటూ అక్కడే ఉండిపోయారు. కొన్నేళ్ళకి కొత్త మేనేజరు వచ్చాడు. పెద్ద చదువులాయన! గోడ చూసి అందరి ముందూ, "ఇక్కడి ఇటుకలు ఎవరింటికి చేర్చావు?" అన్నాడు. బాబాయి మొహం నల్లబడింది. "గాలి కోసం వదిలానండి," అన్నారు, అంతే. మర్నాడే ఆ సందులన్నీ సిమెంటుతో పూడ్పించాడు మహానుభావుడు. పెంకులు సగం తడితోనే బట్టీకెక్కి పగిలాయి. తప్పెవరిది? బట్టీ కట్టిన బాబాయిదట! దొంగ అని రాయించి మరీ వెళ్ళగొట్టాడు. ఆ ఉత్తరం రాసింది నేనే. నిజం తెలిసీ, ఉద్యోగం పోతుందని నోరు మూసుకుని రాశాను. ఛీ, నా బతుకూ ఒక బతుకేనా!

ఆ వేసవిలో షెడ్డులో ఉక్కకి తాళలేక కూలీలు గోల పెడితే సిమెంటు పగలగొట్టించాడు. పెంకులు బాగుపడ్డాయి. అంటే అతనికీ తెలిసింది. అయినా "మేస్త్రీ దొంగ కాదు" అని ఒక్క మాట అనలేదు. నేను రేపల్లె వెళ్ళినప్పుడల్లా బాబాయి అన్నం పెట్టించి, తిన్నాక అడిగేవారు, "ఆయనేమన్నా అన్నాడంట్రా?" అని. ఆ ఉత్తరంలో రాత నాదని ఆయనకీ పిన్నికీ తెలుసు. నన్ను ఒక్కసారి తిట్టినా బాగుండేది. తిట్టలేదు.

మొన్న పాడె కడుతుంటే మేనేజరు కారు దిగాడు, చేతిలో ఇంత లావు దండ. "ఎంత నిజాయితీపరుడమ్మా!" అన్నాడు పిన్నితో.

"ఆ ముక్క ఆయన బతికుండగా అనాల్సిందండి," అంది పిన్ని. దండ వెయ్యనివ్వలేదు.

నేను పాడె పట్టబోయాను. పిన్ని నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"నువ్వొద్దు నాయనా. నువ్వెళ్ళి ఆ మేనేజరు పక్కన నిలబడు."

నిలబడ్డాను. పాడె వీధి మలుపు తిరిగింది. ఎండలో మేమిద్దరమే మిగిలాం, అతని చేతిలో దండ, నావి ఉత్త చేతులు.