పేరు లేని గడి

నాకు ముక్కు మీద కోపం. మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు నా గది ఎక్కడుందో చెప్పేముందే ఆ సంగతి చెబుతారు. అలాంటి నన్ను ఎవరూ చూడకుండా లోలోపల కుమిలిపోయేలా చేసిన మాట ఒకటుంది. "సార్ ప్రోగ్రాం" అన్న మాట.

కర్నూలు నుంచి కడప దాకా కాలువల పనులు చూసే పెద్ద ప్రభుత్వ సంస్థ మాది. నేను అందులో లెక్కల అధికారిని. కొన్నేళ్ల కిందట బిల్లులూ పద్దులూ కంప్యూటర్లోకి ఎక్కించాలని పైవాళ్లు తలపెట్టి, మనకేం కావాలో రాసిచ్చే పని నాకు అప్పగించారు. రాసింది నేనే, సరిచూసింది నేనే, సంతకం పెట్టిందీ నేనే. నేను చెప్పిన కొలతలకే ప్రోగ్రాం తయారైంది. అచ్చం మా రిజిస్టర్లలాగే ఉంది కానీ, ఒక్క బిల్లు ఎక్కించడానికి పూట పట్టేది. జనం ముందు పుస్తకంలో రాసుకుని, తర్వాత దాన్ని చూస్తూ కంప్యూటర్లో కొట్టేవాళ్లు. ఏడాది తిరక్కుండానే ఆ రెండో పని మానేశారు.

ఆ రోజుల్లోనే కోయిలకుంట్ల ఆఫీసుకు తనిఖీకి వెళితే మానిటర్ మీద తువ్వాలు ఆరేసి ఉంది. ఇదేమిటని గద్దించాను. అటెండరు అమాయకంగా, "అది సార్ ప్రోగ్రాం కదా సార్, ఇప్పుడెవురూ వాడరు" అన్నాడు. ఆ సారెవరో అతనికి తెలియదు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

అందుకే రెండేళ్ల కిందట, ఈసారి కొత్తగా చేయించొద్దు, బజారులో తయారుగా దొరికే సాఫ్ట్‌వేరే కొనండి అని ఉత్తర్వు వచ్చి, ఎంపిక కమిటీలో మళ్లీ నన్నే వేస్తే, సంతోషం కంటే భయమే ఎక్కువైంది. రిటైర్ కావడానికి ఇంకా మూడేళ్లు కూడా లేవు. ఈసారీ తప్పితే ముప్పై ఏళ్లు దాటిన ఉద్యోగంలో నా గుర్తుగా మిగిలేది ఆ తువ్వాలే.

కమిటీలో నాతోపాటు కడప ఆఫీసు నుంచి ఒక చిన్న వయసు లెక్కల అధికారిణి ఉంది. తుమ్మలపల్లె దగ్గరి పల్లె ఆమెది. మాట మెత్తన, పట్టు గట్టి. కావలసినవాటి జాబితా రాయడం మాత్రం నేనే మీదేసుకున్నాను. అన్ని ఆఫీసులనూ అడిగాను. ప్రతి ఒక్కరూ తమ రిజిస్టర్లో ఉన్న గడులన్నీ వరసగా రాసి పంపారు. అన్నీ కలిపితే నూట ఎనభై దాటాయి. ఇంత వివరంగా ఎవరు రాయగలరని పొంగిపోయాను.

రెండు కంపెనీలవాళ్లు కర్నూలుకొచ్చి తమ సాఫ్ట్‌వేర్ చూపించారు. మొదటాయన జాబితా పూర్తిగా చదవకముందే, "అన్నీ ఉన్నాయి సార్, లేనివి చేసిచ్చేస్తాం" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. రెండో ఆయన కళ్లద్దాలు సర్దుకుని చివరిదాకా చదివాడు. "ఇందులో సగం మా దగ్గర లేవండీ. మార్చి ఇవ్వం కూడా. మారిస్తే ఇది రెడీమేడ్ కాదు" అన్నాడు. ఇంత పొగరేమిటని మండిపడ్డాను.

టీ దగ్గర ఆ అమ్మాయి మెల్లగా అందుకుంది.

"లేనివి చేసిచ్చేస్తాం అంటే మళ్లా మనం చేయించుకున్నట్టే గదా సార్? అది సరే, ఈ నూటపన్నెండోది ఏంది సార్? పేరు లేని గడి అని రాసినారు."

మా బిల్లుల రిజిస్టర్లో చివర ఒక సన్నటి గడి ఉంటుంది. దానికి శీర్షిక లేదు. ప్రతి బిల్లుకూ అందులో ఎర్ర పెన్సిల్‌తో టిక్కు పెడతాం. అదే చెప్పాను.

"దేనికి పెడతాండాం సార్?"

"ముప్పై ఏండ్లుగా పెడతాండాం, దేనికంటావేందమ్మా!"

"కాదు సార్, అది లేకుంటే ఏం ఆగిపోతాది?"

నా గొంతు పక్క గదికి కూడా వినిపించిందని తర్వాత తెలిసింది. ఆ అమ్మాయి మాత్రం బిస్కెట్టు టీలో ముంచుకుంటూ నేను చల్లారేదాకా ఆగింది. చల్లారాక నేనే అందరినీ అడగడం మొదలుపెట్టాను. ఆత్మకూరుకు ఫోన్ చేస్తే కోయిలకుంట్లలో అడగమన్నారు. కోయిలకుంట్లవాళ్లు ఆడిట్‌వాళ్ల కోసం అన్నారు. ఆడిట్ చేసే పెద్దమనిషిని అడిగితే, "మీరు పెడతారు గదా అని మేం చూస్తాం సార్" అన్నాడు.

ఇక తెలిసిన మనిషి ఒక్కరే మిగిలారు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఆత్మకూరులో నాకు సూపరింటెండెంటుగా ఉన్న సాబు. రిటైరై కడపలో ఉంటున్నారు. ఎనభై దాటినా లెక్కల విషయంలో ఆయన మాటే మాకు శాసనం. ఆ గడి గొప్పతనం ఆయన నోట విని, ఆ అమ్మాయి నోరు మూయించాలని ఆదివారం బస్సెక్కాను.

మైదుకూరు దాటేదాకా ఆమెతో ఏమేం అనాలో మనసులో కూర్చుకుంటూనే ఉన్నాను. సాబు లుంగీ మీద వసారాలో కూర్చుని ఉల్లిగడ్డలు ఒలుస్తున్నారు. పాత ప్రోగ్రాం సంగతీ, మానిటర్ మీది తువ్వాలూ, కొత్త కమిటీ, నా భయం అన్నీ చెప్పుకున్నాను. చివర్న గడి దగ్గరకొచ్చాను. అది ఎందుకు పెట్టారు సాబ్ అని అడిగాను.

ఆయన ఉల్లిగడ్డ పక్కన పెట్టి నా మొహంలోకి చూశారు.

"ఏమప్పా, తమాషాలాడతాండావా? ఆ గడి గీసింది నువ్వే గదా!"

"నేనా సాబ్?"

"చేరిన కొత్తల్లో ఒక బిల్లులో సున్నా ఎగరగొట్టినావు. శానా తిట్టినా. మర్నాడు స్కేలు పెట్టి, అంచుకు గడి గీసుకోనొచ్చినావు. ప్రతి బిల్లూ రెండోతూరి చూసి టిక్కు పెట్టుకుంటా సాబ్ అంటివి. నీ కోసం గీసుకున్న గడి, దానికి పేరెందుకుంటాది? అన్ని ఆఫీసులకూ కొత్త పుస్తకాలు అచ్చుకు పంపేటప్పుడు దస్తూరి బాగుండాదని నీ పుస్తకమే మాదిరికి పంపినా. ప్రెస్సాయన గడితో సహా కొట్టినాడు. అప్పటికే నువ్వు బదిలీ అయిపోతివి."

స్టీలు స్కేలు, దాని అంచున నేను చెక్కుకున్న పొడి అక్షరాలు, ఆ వేసవి, ఆ తిట్లు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి. మూడు దశాబ్దాలుగా ఇంతమంది నా భయానికి టిక్కులు పెడుతున్నారన్నమాట! సిగ్గుతో తల వంచుకున్నాను. సాబు భార్య టీ తెచ్చి, ఈయనకేమైందన్నట్టు చూశారు.

"ఒగటి చెప్పనా, ఏమనుకోవు గదా" అన్నారు సాబు. "నీ టిక్కును నేను ఏనాడూ నమ్మలేదప్పా."

"అదేంది సాబ్?"

"నువ్వు రాసింది నువ్వే రెండోతూరి చూస్తే నువ్వు అనుకున్నదే నీకు కనపడతాండె. అందుకని నువ్వు ఇంటికి పొయినంక నేను మళ్లా చూస్తాంటి. రెండుసార్లు తప్పు పట్టి దిద్దినా కూడా. నీకు చెప్పలేదు. శానా కష్టపడే పిల్లోడివి, బాధపడతావని."

తిరిగొచ్చే బస్సులో కోపం రాకపోవడం నాకే వింతగా అనిపించింది. పాత ప్రోగ్రాం ఎక్కడ చెడిందో ఆ వసారాలో తెలిసింది. దాన్నీ నేనే రాసి, నేనే చూసి, నేనే టిక్కు పెట్టుకున్నాను. నేను వెళ్లాక చూసే మనిషి లేడు, అంతే. ఆ రోజుల్లో నన్ను కాపాడింది నా ఎర్ర పెన్సిల్ కాదు, సాబు. అది తలచుకుంటే గుండె నిండినట్టుంది.

సోమవారం జాబితా తీసుకెళ్లి ఆ అమ్మాయి బల్ల మీద పెట్టాను. "గడి సంగతి తెలిసిందా సార్?" అని అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పాను. నవ్వు ఆపుకోవడానికి పాపం చాలా అవస్థ పడింది.

"నవ్వుకో అమ్మా, పర్వాలేదు. నవ్వినంక ఇదంతా నువ్వు చూడు. నేను రాసింది నేనే చూస్తే చూసినట్టు గాదు."

ఇద్దరం మూడు రోజులు కూర్చున్నాం. ప్రతి వరసకూ ఆమెది ఒకటే ప్రశ్న, ఇది లేకుంటే ఏం ఆగిపోతాది? జవాబు లేనివన్నీ కొట్టేస్తూ పోతే ఒక కాగితం మిగిలింది. అప్పుడామె, "సార్, అసలైంది రాయనే లేదు. ఆత్మకూరులో గాలి లేస్తే నెట్ పోతాది గదా, అప్పుడు బిల్లు ఎట్ల చేస్తారు?" అంది. అన్ని ఆఫీసుల్లో ఒక్కరికీ తట్టలేదు. పుస్తకానికి నెట్ అక్కర్లేదు కదా, మేమంతా పుస్తకాలు చూసి రాసినవాళ్లం.

రెండు కంపెనీలవాళ్లనూ ఆత్మకూరు ఆఫీసుకు పిలిచాం. మొదటాయన, "అదీ చేసిచ్చేస్తాం సార్" అన్నాడు. కళ్లద్దాలాయన లేచి వెళ్లి నెట్ తీగ పీకేశాడు. కంప్యూటర్లో బిల్లు ఎక్కుతూనే ఉంది, తీగ మళ్లీ పెట్టగానే కర్నూలుకు చేరింది. నేను ఎక్కించిన ఆ బిల్లును నేనే ఆమోదించబోతే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోలేదు. ఎక్కించినవాళ్లు కాక ఇంకొకరు చూడాలట. "దీంట్లో సాబు ఉండాడమ్మా!" అని అరిచాను. కళ్లద్దాలాయన కంగారుగా కంప్యూటర్ వంక చూశాడు.

దాన్నే కొనమని రాసిన సిఫారసు మీద ముందు ఆ అమ్మాయి సంతకం, కింద నాది.

అది మొదలై ఏడాది దాటింది. మొన్న కోయిలకుంట్లకు తనిఖీకి వెళ్లాను. అదే అటెండరు, టీ తెచ్చాడు. బిల్లులు చకచకా ఎక్కుతున్నాయి. ఉండబట్టలేక, "ఈ కొత్తది ఎవరు తెచ్చినారప్పా?" అని అడిగాను.

"ఏమో సార్. కడప మేడమ్మ తెచ్చిందంటారు. మాకు పనైతాండాది, అంతే."

నేనేనని చెప్పాలని నోటిదాకా వచ్చింది. టీతోపాటు మింగేశాను. జీపెక్కగానే కడపకు ఫోన్ చేశాను.

"ఎట్లుండాదప్పా?" అన్నారు సాబు.

"బాగుండాది సాబ్. తువ్వాలు కిటికీకి ఆరేసినారు."

ఆయన నవ్వు ఎంతసేపటికీ ఆగలేదు. నేనూ నవ్వాను.