మూడో ప్రకరణంలోని గుర్రం

పందొమ్మిది వందల నలభై రెండు ఆగస్టులో దేశం తెల్లవాళ్ళను వెళ్ళిపొమ్మంది. మా కాలేజీ మమ్మల్ని వెళ్ళిపొమ్మంది. సమ్మెలకు జడిసి గుంటూరులో తరగతులు మూసేస్తే, నేను ట్రంకుపెట్టె మోసుకుని నడికుడి దగ్గరున్న మా ఊరికి వచ్చి నవల మొదలుపెట్టాను. దేశసేవ చేయకుండా తప్పించుకోవడానికి అంతకన్నా గౌరవమైన దారి కనబడలేదు.

అది హత్యల నవల. కథను మా రోజుల్లోనే నడిపితే పోలీసులతో పేచీ అని కుంఫిణీ కాలానికి తోశాను. శిస్తు కట్టబోమని పల్నాడు ఊళ్ళన్నీ తిరగబడి ఉంటాయి. ఆ అల్లర్ల మధ్య శిస్తు వసూలుకొచ్చిన ఒక అమీను గొంతు తెగి పడి ఉంటాడు. ఎవరు చంపారో అప్పటికి నాకూ తెలియదు. మధ్యాహ్నం పూట అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ ఉంటే, రాసినంతవరకు చదివి వినిపించేవాణ్ణి. వసారాలో నులకమంచం మీద మా మేనమామ కళ్ళు మూసుకుని ఉండేవాడు. నిద్రపోతున్నాడనుకున్నాను. కాదని మొదటి రోజే తేలింది.

“అల్లుడూ, సచ్చినోడు ఏ పార్టీ?”

“ఏ పార్టీ కాదు మామయ్యా. సర్కారు ఉద్యోగి.”

“పార్టీ లేనోణ్ణి పనిగట్టుకొని ఎవడు సంపుతాడురా? చదువుకున్నావు గానీ నీకు లోకం తెలవదు.”

మా ఊళ్ళో ఏదైనా రెండు పార్టీలే. ఒక పార్టీకి మామ పెద్ద. రెండో పార్టీ పెద్ద ఇంటికి కొత్త పెంకు వేయిస్తే మామ తన ఇంటికీ వేయించాల్సిందే. ఆయన ఎడ్లను కొంటే మామ వాటికన్నా కాస్త ఎత్తున్నవి కొనాల్సిందే. దేశం గురించి వీళ్ళిద్దరికీ ఒక అభిప్రాయం ఉన్నట్టు ఎవరూ ఎరగరు. అలాంటిది ఆ ఆగస్టులో అవతలాయన ఏం తోచిందో ఖద్దరు టోపీ పెట్టుకుని సంతలో జెండా ఎత్తాడు. పోలీసులు పట్టుకెళ్ళారు. నడికుడి స్టేషనులో ఆయనకు దండలు వేశారు, హారతి పట్టారు. రైలు కదిలాక ఆడవాళ్ళు ఏడ్చారు కూడా.

ఆ పూట మామ కూడు ముట్టలేదు.

“ఆడు జైల్లో కూకుంటే నేను ఇంట్లో జొన్నకూడు తింటా కూకోవాలంటమ్మా?” అని అమ్మ మీద ఎగిరాడు.

“జైల్లో పెట్టేదీ జొన్నకూడేనంట అన్నయ్యా,” అంది అమ్మ.

సంగతి కూటిది కాదు. రేపు స్వరాజ్యమంటూ వస్తే ఊళ్ళో జైలుకు పోయి వచ్చినవాడి మాటే చెల్లుతుంది. పోనివాడు ఆ అరుగు కింద నిలబడాలి. మామను నమ్ముకుని ఉన్న ఇళ్ళవాళ్ళు అప్పటికే పొద్దున్నే లేచి అటు వీధికి నడవడం మొదలుపెట్టారు. ఎలాగోలా అరెస్టు కాకపోతే మామ పెద్దరికం అంతటితో సరి.

ఇంతలో రైలుకట్ట పక్కన ఎవరో టెలిగ్రాఫు తీగలు కోశారు. విచారణకు వచ్చిన సబినస్పెక్టరు, మా నాన్న మునసబు కాబట్టి, మా ఇంట్లోనే దిగాడు. డెల్టా వైపు మనిషి, మర్యాదస్తుడు. ఊళ్ళో ఎవరిని అడిగినా ఏమీ చూడలేదన్నారు. చూడకపోవడంలో మా ఊరివాళ్ళకు మంచి సాధన ఉంది. విసుగెత్తి ఆయన నా రాతప్రతి తీసుకున్నాడు. అపరాధ పరిశోధన నవలలంటే ఆయనకు ప్రాణం. ఊళ్ళో జరిగిన అపరాధం మీద అంత ప్రాణం కనబడలేదు. మూడో ప్రకరణం ముగించి, “ఇంతకూ హంతకుడెవరు?” అని అడిగాడు.

“మీకెవరనిపిస్తోంది?” అన్నాను ఆశగా.

మర్నాడు పొద్దున్నే మామ తలపాగా చుట్టుకుని, తన పార్టీవాళ్ళను వెంటేసుకుని మా వాకిట్లోకి వచ్చాడు. వాళ్ళలో ఒకతని చేతిలో అరిటాకు పొట్లం, దాని చివర బంతిపూల దండ తొంగిచూస్తోంది.

“తీగలు కోసింది నేనే. రాసుకోండి.”

సబినస్పెక్టరు కలం తీశాడు. “ఎలా కోశారు?”

“నల్లగొంగడి కప్పుకున్నా. సప్పుడు గాకుండా కొడవలికి గుడ్డ సుట్టా. అడుగులు పట్టుకోకుండా చెప్పులు ఎనకా ముందూ తిరగేసి కట్టుకున్నా.”

కలం ఆగింది. ఆయన ఒకసారి నా వైపు చూశాడు. నేను చూరు వైపు చూశాను. అది నా మూడో ప్రకరణం.

“తర్వాత?”

“తరవాతేముంది. గుర్రాన్ని తుమ్మచెట్టుకు కట్టేసి…”

మామ అమీనును తీసేసి స్తంభాన్ని పెట్టాడు. గొంతు తీసేసి తీగ పెట్టాడు. గుర్రాన్ని తీసేయడం మర్చిపోయాడు.

“మీకు గుర్రం ఉందా?”

మా ఊరంతటికీ గుర్రం లేదు. నడికుడి స్టేషను దగ్గర జట్కాకు ఒకటి ఉంది. దాన్ని నమ్ముకుని పారిపోవాలనుకునేవాడు నడిచి పోవడం మేలు.

“మావోళ్ళు తెచ్చారు,” అన్నాడు మామ. ఆయన వాళ్ళు నేల చూశారు.

సబినస్పెక్టరు కలం మూసి మెత్తగా అన్నాడు: “పెద్దాయనా, అబ్బాయి బాగానే రాశాడు. మీరు చెప్పడంలో చెడింది. ఇంటికెళ్ళి అన్నం తినండి.”

అక్కడితో పోయేదే. కానీ గోడవతల నుంచి అవతలి పార్టీ పెద్ద బామ్మర్ది తల ఎత్తి, “ఏం మావా, గుర్రం దిగావా?” అన్నాడు. వాకిలి నవ్వింది. దండ పట్టుకున్నతనూ నవ్వాడు.

మామ బల్ల మీదున్న సబినస్పెక్టరు టోపీని తీసి, నడుచుకుంటూ వెళ్ళి, గేదెల కుడితి తొట్టిలో వేసి వచ్చాడు.

“ఇప్పుడు రాసుకోండి.”

మర్యాదస్తుడికైనా ఇక దారి లేదు. మధ్యాహ్నం రైలుకు మామను ఎక్కించారు. దండ వృథా కాలేదు. అమ్మ ముందు టోపీ ఉతికి ఆరేసి, తర్వాత వచ్చి ఏడ్చింది.

జైలు నుంచి మామ చిక్కి వచ్చాడు. ఇళ్ళవాళ్ళు తిరిగి మా వీధికి నడవడం మొదలుపెట్టారు. అరుగు మీద ఆయన చెప్పే కథలో కుడితి తొట్టి ఎప్పుడూ రాలేదు. మొదట గొంగడి వచ్చింది, తర్వాత చెప్పులు వచ్చాయి, స్వరాజ్యం వచ్చేనాటికి గుర్రమూ వచ్చింది. తీగముక్కలు కొన్ని తర్వాతెప్పుడో ఒక మేకల దొడ్డి తడికకు కట్టి కనబడ్డాయి. అది ఏ పార్టీవాళ్ళ దొడ్డో నేను చూడలేదు.

నవల పూర్తిచేసి అచ్చుకు పంపేముందు ఊళ్ళో చదివి వినిపించాను. మూడో ప్రకరణం దగ్గర అందరూ కదిలారు. “పెద్దాయన బతికుండగానే ఆయన చేసిన పని ఎత్తుకొచ్చి కుంఫిణీ కాలపోళ్ళకు అంటగడతావేందయ్యా?” అన్నాడు ఒకాయన. అప్పుడు దండ పట్టుకున్నతనే.

మామ చెయ్యెత్తి వాళ్ళను ఆపాడు.

“పోనీండిరా, మనోడే గదా, రాసుకోనీండి,” అని నా వైపు తిరిగాడు. “గుర్రం రంగు మాత్రం తప్పు రాశావు అల్లుడూ.”