పొట్ట మీద చెయ్యి

దయ్యాలున్నాయంటే నేనెప్పుడూ నమ్మలేదు. చనిపోయినవారు తిరిగి రారని బైబిలు వాక్యం చెబుతుంది. సండేస్కూల్లో పిల్లలకు ఆ పాఠం చెప్పేది నేనే.

మా బాబుకు ఏడాది నిండకముందే కళ్లు ఆడటం మొదలైంది. చూపు ఎక్కడా నిలిచేది కాదు. కూర్చోబెడితే ఒళ్లు అదిరి పక్కకు ఒరిగిపోయేవాడు. గుంటూరులో తలకు స్కానింగ్ చేసి ఏమీ లేదన్నారు. మెదడుకు వాపేమోనని మందులు రాశారు. తగ్గలేదు. మా ఆయనది మార్టూరులో గ్రానైట్ పని. నల్లపాడులో అద్దె గదిలో నేనూ, వాడూ.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మా పాస్టరయ్యగారు వాడి కోసం ప్రార్థన పెట్టారు. జబ్బు ఎక్కడుంటే అక్కడ చేతులుంచడం మా సంఘంలో అలవాటు. అందరూ తల మీద ఉంచారు. నేను వాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, పొట్ట చుట్టూ చెయ్యి వేసి కళ్లు మూసుకున్నాను.

నా చేతి కిందికి మరో చెయ్యి దూరింది. నా వేళ్లను ఎడమ డొక్కలోకి నెట్టి, అక్కడే అదిమి పట్టుకుంది. ఆ చెయ్యి మండుతోంది. మిరపకాయల తొడిమలు తీసిన చేతి మంట అది.

కళ్లు తెరిచాను. చేతులన్నీ తల మీదే ఉన్నాయి. అడిగితే, ఆ వారం ఎవరూ కాయల పనికి వెళ్లలేదన్నారు. కొబ్బరినూనె రాసినా నా వేళ్ల మంట సాయంత్రం దాకా తగ్గలేదు.

మర్నాడు డాక్టరుగారితో, "ఒకసారి పొట్ట కూడా చూడండి" అన్నాను.

"వాంతులేమైనా అవుతున్నాయామ్మా?"

"లేదండి. ఊరికే చూడండి."

స్కానింగ్ చేస్తే, ఎడమ మూత్రపిండం పైన ఉసిరికాయంత గడ్డ కనిపించింది. పసిపిల్లల్లో చాలా అరుదుగా ఇలాంటి గడ్డ వల్లే కళ్లు అలా ఆడతాయట. ఆపరేషన్ చేసి తీసేశారు. పొట్ట చూడమని ఎవరు చెప్పారని డాక్టరుగారు అడిగితే, నేను బాబుకు దుప్పటి సర్దాను.

సంఘంలో సాక్ష్యం చెప్పమని మైకిచ్చారు. "ప్రభువు చెయ్యేనే, గట్టిగా చెప్పు" అంది వెనక నుంచి మరియమ్మక్క. బాగుచేసింది ప్రభువేనని చెప్పాను. అది నేను నమ్ముతాను. నా చేతి కిందికి దూరిన ఆ చెయ్యి సంగతి, మంట సంగతి మాత్రం చెప్పలేదు. మా ఆయనకు కూడా చెప్పలేదు.

మా అమ్మ మిర్చి కోల్డ్ స్టోరేజీల దగ్గర కాయల తొడిమలు తీసేది. నాకు కడుపునొప్పి వస్తే ఆ చేత్తోనే రుద్దేది. ఆ మంటకు నొప్పి మర్చిపోయేదాన్ని. బాబు పుట్టకముందే ఆమె పోయింది.

ఇప్పుడు వాడి చూపు నిలిచింది. ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలియదు. వాక్యంలో వెతికినా దొరకలేదు. రోజూ వాడి పొట్ట మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేసేటప్పుడు, పక్కన కాస్త చోటు వదులుతున్నాను.