అందరూ అడిగిన పాట

నాకు ఇష్టమైన గాయని తాగుడుతో చనిపోయిందని తెలిశాక, ఆమె తొలినాటి క్రైస్తవ గీతాల క్యాసెట్లు ఫోన్‌లోకి ఎక్కించుకుని మళ్లీ వినసాగాను. ఒకసారి భద్రాచలం బస్సులో ఇయర్‌ఫోన్లు పాడైతే, ఫోన్‌ను చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాను. పక్క సీట్లో అరవై దాటిన ఒకావిడ నావైపు వంగి చెవి పెట్టింది.

"ఆమె పాటలన్నిట్లో ఇదే గొప్పదమ్మా," అన్నాను.

పాల్వంచ దాటాక ఆవిడ నోరు విప్పింది.

"ఆమె మా అక్క, బిడ్డా. గీ పాట అక్క పాడలే. రికార్డింగు నాడు తాగి లేవలే. మా ఇద్దరి గొంతు ఒక్క తీరే ఉంటదని నాతోటి పాడిచ్చిండ్రు."

నేను నమ్మలేదు. పాట మళ్లీ మొదటి నుంచి పెట్టాను. ఆవిడ దాని వెంట సన్నగా పాడింది. పాటలో గొంతు జీరబోయే చోటే ఆవిడ గొంతూ జీరబోయింది.

"మరి ఎవరికీ చెప్పలేదా?"

"ఎట్ల చెప్త? అక్క పరువు పోదా? అక్క యాడికి పోయినా అందరు గీ పాటే పాడుమనేటోళ్లు. అడిగినప్పుడల్లా ఇంటికొచ్చి ఇంకింత తాగేది."

కొంగుతో నా ఫోన్ తెర మీద, క్యాసెట్ అట్ట బొమ్మలోని అక్క ముఖాన్ని తుడిచింది.

"జర అక్క పాడింది పెట్టు, బిడ్డా."

తర్వాతి పాట పెట్టాను. బూర్గంపాడులో దిగేదాకా ఆవిడ కళ్లు మూసుకుని దాన్నే మళ్లీ మళ్లీ పెట్టించుకుని వింది.

ఆ క్యాసెట్‌లో నేనెప్పుడూ వినకుండా దాటేసే పాట అది.