ఉబ్బసం గడి

1997లో వైజాగు నుంచి ఓడలో అండమాన్ విహారానికి బయలుదేరదలచి, ముందు బీమా పని ముగించుకోవడానికి నేనూ నా భార్యా చోడవరం బస్టాండులో వైజాగు బస్సు కోసం కూర్చున్నాము. నా చేతిలో రెండు ప్రయాణ బీమా దరఖాస్తులున్నాయి. ఏది మేలో తేల్చడానికి నింపిన గడులన్నీ ఆమెకు చదివి వినిపిస్తున్నాను.

“ఉబ్బసం ఉన్నదా అన్నచోట లేదని రాశాను. ఉందంటే ప్రీమియం పెరుగుతుంది,” అన్నాను. ఆమె తలూపింది.

పక్కనున్న నడివయసు స్త్రీ ఇటు తిరిగింది. “బాబూ, అమ్మకి ఆయాసం నేదా?”

“దుమ్ము పడదు, అంతే,” అంది నా భార్య.

ఆ స్త్రీ నా భార్య వీపుమీద అరచెయ్యి ఆనించి, కొంతసేపు అలాగే ఉంచింది.

“ఆస్పత్రిలో ఆయాని. ఈ పిల్లికూతలు నాకు తెలీవేటి? నడిసముద్రంలో ఊపిరాడకపోతే ఏటి సేస్తారు? నేదని రాసేసేం, ఎల్లిపో అంటే ఎల్లిపోద్దా? ఆయాసానికి సదువొచ్చేటి?”

అబద్ధం రాస్తే బీమా చెల్లదని దరఖాస్తు అడుగున అచ్చువేసే ఉంది. నేను దానిని రెండుసార్లు చదివాను కూడా.

ఇంతలో రోలుగుంట బస్సు వచ్చింది. ఆ ఆయా సంచి తీసుకుని ఎక్కేసింది.

పాత జబ్బులకూ వర్తించే రెండో బీమానే ఎంచుకుని, అందులో ‘లేదు’ కొట్టివేసి, ‘ఉంది, పదకొండేళ్లుగా’ అని రాశాను. నా భార్య కాగితం మీదికి వంగి చూసింది.

“పదకొండు కాదండీ, పద్నాలుగు. మొదటి మూడేళ్లూ మీకు చెప్పలేదు.”