తలుపు మీరే తీసుకోవాలండీ

చనిపోయిన మనిషి ఫొటో కింద "దొంగ. ఇతన్ని లోపలికి రానివ్వరాదు" అని రాసి, గేటు పక్క గోడకి ఇంకా అంటించే ఉంచారు. ధవళేశ్వరం వెళ్లే రోడ్డులో, కాలవ వంతెన దాటాక వచ్చే అపార్ట్‌మెంట్ అది. పేరు రాయను. అందులో ఉండేవాళ్లకి తెలుసు. ఆ ఫొటోలో ఉన్నది మా మేస్త్రి గారు. రాజమండ్రిలో ముప్ఫై ఏళ్లపాటు తాళంచెవులు చేశారు, తాళం పడిపోయిన కార్లు తెరిచారు. పోయిన గురువారం పొద్దున్న షట్టర్ ఎత్తి, టీ తెప్పించుకుని, అది తాగకుండానే స్టూలు మీద పక్కకి ఒరిగిపోయారు. గుండెపోటన్నారు. ఆయన ఎవరిదీ ఏమీ తీసుకోలేదు. ఆ సంగతి ఆ కాగితం అంటించినవాళ్లకి తొమ్మిది నెలలుగా తెలుసు.

నేను నాలుగేళ్లుగా ఆయన దగ్గర పనిచేస్తున్నాను. ఆ గురువారం బ్యారేజీ దగ్గర ఒక కారు పక్కన నిలబడి ఉన్నాను. తాళంచెవి లోపల సీటు మీద ఉంది, కారాయన బయట ఉన్నాడు, ఆయన కూతురికి పరీక్ష టైమైపోతోంది. నా చేతిలో తీగ, దాని కొస తలుపు లోపల. జేబులో ఫోన్ మోగింది. ఆగి మళ్లీ మోగింది. మూడోసారి మోగింది. "ఎత్తమ్మా, ఏదో అర్జెంటేమో" అన్నాడాయన. నేను ఎత్తలేదు. తీగ లోపల ఉండగా ఇంకో ఫోన్ ఎత్తకూడదన్నది మేస్త్రి గారు పెట్టిన రూలు. పని అయ్యాక తిరిగి చేస్తే టీకొట్టు అక్క ఎత్తింది. "ఎక్కడున్నావే? మీ మేస్త్రి గారు పలకట్లేదే" అంది. నేను ఆస్పత్రికి చేరేసరికి అంతా అయిపోయింది. వెంటనే ఎత్తినా లాభం ఉండేది కాదని డాక్టరు గారు చెప్పారు. నమ్మాలనే ఉంది.

తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసేసుకున్న మనిషిని మీరు చూశారో లేదో. అద్దంలోంచి అది కనబడుతూనే ఉంటుంది, జానెడు దూరంలో. ఆ జానెడే మనిషికి పిచ్చెక్కిస్తుంది. హ్యాండిల్ పట్టుకుని లాగిందే లాగుతారు. మేస్త్రి గారు వెళ్లగానే మొదట ఆ చెయ్యి తీయించేవారు. "పదిసార్లు లాగారు కదండీ, పదకొండోసారికి జాలిపడి తెరుచుకుంటుందంటారా?" అంటే ఎంత కంగారులో ఉన్నవాళ్లయినా నవ్వేసేవారు. చాలా కార్లకైతే ఆయన వెళ్లేవారే కాదు. ఫోన్లోనే అడిగేవారు. "తాళం పడింది కారుకండీ, మీ బుర్రకి కాదు. నాలుగు తలుపులూ చూశారా? డిక్కీ చూశారా? ఇంట్లో రెండో తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కున్నారా?" సగం మందికి డిక్కీ తెరిచే ఉండేది. నాకు ఒళ్లు మండేది. "అన్నీ ఫోన్లో చెప్పేస్తే ఇంక మనమెందుకండీ?" అని అడిగాను ఒకసారి. "మన అవసరం పడని రోజు వాళ్లకి మంచి రోజే కదమ్మడూ" అన్నారు.

ఆయనకి ఒక పద్ధతి ఉండేది. లోపల లాక్ టిక్కుమని లేచాక హ్యాండిల్ ముట్టుకునేవారు కాదు. తీగ బయటికి లాగి, మూడడుగులు వెనక్కి వేసి, రెండు చేతులూ అందరికీ కనబడేలా పెట్టి, "తలుపు మీరే తీసుకోవాలండీ" అనేవారు. ఎండైనా వానైనా అంతే. తుని నుంచి వచ్చిన పెళ్లివాళ్ల కారు ఒకటి తెరిచినప్పుడు, అందులో పెద్దాయన "అంతా తీసినోడివి ఆ తలుపు కూడా తీసెయ్యవయ్యా, ముహూర్తం దాటిపోతోంది" అని అరిచాడు. మేస్త్రి గారు చేతులు కట్టుకుని నిలబడ్డారే గానీ కదల్లేదు. తిరిగొస్తుంటే స్కూటర్ మీద అడిగాను, ఎందుకండీ అంత పట్టుదల అని. "లాక్ లేపడం మన పని. లోపలున్నది వాళ్ల సొంతం. మన చెయ్యి బయటే ఆగిపోవాలి" అన్నారు.

షాపులో ఆయన చేతిరాతతో ఒక బోర్డు ఉంది. "లోపల పసిపిల్లలుంటే మాకోసం ఆగవద్దు. పిల్లలకి దూరంగా ఉన్న అద్దం పగలగొట్టండి." చదువుకున్నవాళ్లు కూడా ఆ బోర్డు చూసి, మీ బేరం మీరే పోగొట్టుకుంటారేంటండీ అని నవ్వేవారు.

పోయిన ఏడాది రోహిణి కార్తెలో, ఎండ మండిపోతున్న వేళ, ఆ అపార్ట్‌మెంట్ నుంచి ఫోన్ వచ్చింది. ఆడమనిషి గొంతు. ఎనిమిది నెలల పాపని వెనక సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టింది. ఏడవకుండా కారు తాళంచెవి ఆడుకోమని చేతికిచ్చింది. తలుపు వేసి ఇటు తిరిగేలోపు పాప బటన్ నొక్కేసింది. మేస్త్రి గారు బోర్డు మీది మాటే చెప్పారు. "అద్దం పగలగొట్టేయండమ్మా." అటునుంచి ఏడుపు. "మావయ్యగారు వద్దంటున్నారండీ. షోరూమ్ వాళ్లు వస్తున్నారంట."

మేస్త్రి గారు ఫోన్ పెట్టేశారు. స్కూటర్ తీశారు. సామాన్ల సంచి ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చున్నాను. దారిలో రెండుసార్లు సిగ్నల్ దాటేశారు. అంతకుముందు ఎప్పుడూ దాటలేదు.

గేటు ముందు ఎండలో తెల్ల కారు. కొత్తది, నిమ్మకాయల దండ కూడా వాడలేదు. చుట్టూ పాతికమంది. పాప మొహం కందిపోయి ఉంది. ఏడవట్లేదు. ఏడిస్తే బాగుండుననిపించింది. తల్లి అద్దానికి రెండు చేతులూ ఆనించి, పాప పేరు పిలుస్తూ ఉంది. మామగారు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, "వారం కాలేదయ్యా కారు కొని. అద్దం జోలికెళ్తే ఊరుకోను" అన్నాడు.

మేస్త్రి గారు ఆయనతో వాదించలేదు. సంచిలోంచి సుత్తి తీసి నా చేతిలో పెట్టి, అవతలి పక్క చిన్న అద్దం దగ్గర నన్ను నిలబెట్టారు. "వంద లెక్కపెట్టు. పైకి, అందరికీ వినబడాలి. వందకి నేను తియ్యకపోతే ఎవర్నీ అడక్కు. కొట్టెయ్" అన్నారు.

మొదలుపెట్టాను. ఆయన తలుపు పై అంచులో చెక్కముక్క దూర్చి, సందులో గాలి సంచి పెట్టి ఉబ్బించారు. ముప్ఫైకి సందు వచ్చింది. నలభైకి తీగ లోపలికెళ్లింది. "పెయింటు జాగ్రత్త!" అని మామగారి గొంతు. యాభైరెండుకి తీగ జారింది. పాప తల పక్కకి వాలింది. అరవై ఒకటి, అరవై... రెండు. వంద వస్తే నేను కొట్టాలి. గాజు పాప మీద పడితే? నాకు తెలియకుండానే అంకెకీ అంకెకీ మధ్య ఆగుతున్నాను. తల ఎత్తకుండానే ఆయన అరిచారు. "లెక్క సాగదీయకే! పాపకి ఆ టైము లేదు!"

ఎనభై ఎనిమిది అంటుండగా టిక్కుమంది.

ఆయన మూడడుగులు వెనక్కి వెయ్యలేదు. తలుపు లాగి, నడుం దాకా లోపలికి దూరి, బెల్టు తప్పించి పాపని ఎత్తుకుని నీడలోకి పరిగెత్తారు. తల్లి కొంగు తడిపించి ఒళ్లంతా తుడిచారు. కాసేపటికి పాప కెవ్వుమంది. అంత చక్కటి ఏడుపు నేను ఎక్కడా వినలేదు. అందరూ ఫోన్లు తీశారు. మామగారు కూడా నవ్వుతూ నిలబడ్డాడు. నేను మాత్రం సుత్తి పట్టుకుని అక్కడే ఉన్నాను. వేళ్లు విడిపడడానికి చాలాసేపు పట్టింది.

సాయంత్రం అదే మామగారు షాపుకి ఫోన్ చేశాడు. పాప చేతి బంగారు మురుగు కనబడట్లేదట. "లోపలికి దూరింది నువ్వొక్కడివే కదా" అన్నాడు. మేస్త్రి గారు వెళ్లారు, జేబులు తిప్పి చూపించారు, సంచి వాళ్ల ముందే గుమ్మరించారు. తెల్లారేసరికి గోడ మీద ఫొటో. మధ్యాహ్నానికి అది వాట్సాప్ గ్రూపుల్లో పక్క వీధులన్నీ తిరిగింది.

అప్పటినుంచి ఆ రోడ్డులో ఎక్కడినుంచి పిలుపొచ్చినా ఆయన కాలవ వంతెన మీదే స్కూటర్ ఆపేసేవారు. "నువ్వెళ్లమ్మడూ. నేనిక్కడుంటాను." నేను చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వెళ్లేదాన్ని. ఆయన వంతెన మీద ఎండలో నిలబడి ఫోన్లో పని చెప్పేవారు.

"తీగ కొస ఎక్కడుంది?"

"కనబడట్లేదండీ, సీటు అడ్డమొచ్చింది."

"కళ్లతో కాదే, వేళ్లతో చూడు. గరుగ్గా తగుల్తోందా, నున్నగానా?"

"నున్నగా."

"అయితే హ్యాండిల్ ఇంకా రాలేదు. కిందకి దిగు. ఊపిరి పీల్చుకో ముందు, పీల్చుకోవట్లేదు నువ్వు."

వెనకాల లారీల హారన్లు, మధ్యలో ఆయన దగ్గు. నాకు పని పూర్తిగా వచ్చింది అలాగే. ఇవాళ ఒక్కదాన్నే వెళ్లి ఏ కారైనా తెరవగలనంటే, ఆయన అక్కడ ఎండలో నిలబడ్డందుకే. దానికి నేను ఆయనకి దణ్ణం పెడతాను. ఆయన్ని అక్కడ నిలబెట్టినవాళ్లకి పెట్టను.

మూడు వారాల తర్వాత ఆ తల్లి పాపని ఎత్తుకుని షాపుకి వచ్చింది. మురుగు దొరికింది. పాప బట్టల సంచి అడుగున, అట్ట కింద. ఆవిడ ఏడ్చింది. "మా అపార్ట్‌మెంట్ ఆఫీసులో చెప్తానండీ, ఇవాళే తీసేస్తారు" అంది. చెప్పింది కూడా, అబద్ధమాడే మనిషి కాదు. మేస్త్రి గారు పాప బుగ్గ తట్టి, "దొరికింది కదమ్మా, అది చాలు" అన్నారు. నాకు చాలలేదు. వెళ్లి గట్టిగా అడగండి అని వారం రోజులు పోరాను. ఒకసారి వెళ్లారు. మీటింగ్‌లో పెడతామన్నారట. మళ్లీ వెళ్లమంటే, "గొడవ పెడితే కాగితం ఇంకా పెద్దదవుద్దే" అన్నారు.

"ఆ రోజు మీరు తలుపు ముట్టుకోకుండా ఉండాల్సిందండీ" అన్నాను కోపంలో.

"ఆ తల్లి చేతులు చూశావా? హ్యాండిల్ పట్టుకునేలా ఉన్నాయా అవి?" అన్నారు.

శుక్రవారం లూథరన్ సమాధుల తోటలో ఆయన్ని పెట్టాం. సోమవారం నేను ఆ గేటు దగ్గరికి వెళ్లాను. వాచ్‌మన్ తల దించుకున్నాడు. "నాకేం తెలుసమ్మా, పైనుంచి చెప్తే తీసేస్తాను." సెక్రటరీ గారు కిందకి వచ్చారు. విషయం చెప్పాను. ఆయన నిజంగానే అర్థం కానట్టు చూసి, "చనిపోయారు కదమ్మా, ఇంక ఆయనకేం ఇబ్బంది?" అన్నారు.

నేను అరిచాను. ఏం అరిచానో ఇక్కడ రాస్తే అచ్చు వెయ్యరు.

మేస్త్రి గారి భార్య ఆ వీధిలోనే ఉన్న బడిలో ఆయా. రోజూ ఆ గోడ ముందునుంచే నడుస్తుంది. ఆవిడకి ఉంది ఇబ్బంది. నాకు ఉంది. తాళం పడిన కారు దగ్గర ఏ మేస్త్రయినా ఇంక పసిబిడ్డని ఎత్తుకునే ముందు ఒక్క క్షణం ఆలోచిస్తే, అప్పుడు ఇబ్బంది ఎవరిదో మీరే చెప్పండి.

వచ్చే ఆదివారం చర్చిలో జ్ఞాపకార్థ కూడిక. పెట్టడానికి ఫొటో లేదు. ఫొటో అంటే పారిపోయే మనిషి. ఆధార్ కార్డులో ఉన్నది చూసి ఆయనే ఎవరీయన అనేవారు. అందుకే ఆ సోమవారం గోడ మీదున్నదాన్ని మొదటిసారి దగ్గరగా చూశాను. నవ్వుతున్నారు. చెమటతో జుట్టు నుదుటికి అంటుకుపోయి ఉంది. దొంగ అని రాయడానికి, ఆ మధ్యాహ్నం నీడలో తీసిన ఫొటోనే కత్తిరించి పెట్టుకున్నారు. పాపని తీసేశారు. మొత్తం తీసెయ్యడం కుదరలేదు. ఆయన మెడ పక్కన, చొక్కా కాలరు గుప్పిట్లో పట్టుకుని నాలుగు చిన్న వేళ్లు ఉండిపోయాయి.

అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్లు ఇది చదువుతారని తెలుసు. ఆ కాగితం తీసి, మురుగు దొరికింది, ఈయన తియ్యలేదు అని అదే గోడ మీద, అవే గ్రూపుల్లో సంతకంతో రాయండి. ఆ ఫొటో తీసినవాళ్లు ఎవరో, కత్తిరించనిది, పాప మొత్తం ఉన్నది, మా షాపుకి పంపండి. శనివారం సాయంత్రం ఐదు లోపల. పెద్దది చేయించాలి, స్టూడియో ఆరుకి మూసేస్తారు.