పెద్దమ్మ కెనడా అప్పీలు

నేను కర్నూలు కోర్టుల్లో ప్రాక్టీసు మానేయడానికి రెండేళ్ల ముందు, వేసవి సెలవులకు కోర్టులు మూసిన వారంలో, ఒక అప్పీలు నా చేతికి వచ్చింది. ముప్పయ్యేళ్లకు పైగా నేను చూసినవన్నీ సివిల్ దావాలే. భాగపంపకాలు, గట్టు తగాదాలు, ఇంజంక్షన్లు. ఈ అప్పీలు వినాల్సిన ట్రిబ్యునల్ మాత్రం కెనడాలో ఉంది. అప్పీలుదారు మా అమ్మ అక్క, సారమ్మ పెద్దమ్మ. అప్పటికి ఆమెకు డెబ్బై ఏడేళ్లు.

కర్నూలు వకీలు కెనడా ట్రిబ్యునల్ ముందు ఎలా వాదిస్తుందని నా జూనియర్లు అప్పట్లో అడిగేవారు. అక్కడి లైసెన్సు లేనివాళ్లు ఫీజు తీసుకుని వాదించకూడదు. కానీ బంధువులు, స్నేహితులు ఉచితంగా ప్రతినిధిగా ఉండవచ్చని నిబంధన ఉంది. నేను నిలబడింది ఆ హోదాలోనే. నల్లకోటు వేసుకోలేదు.

మా తాత ఎర్రగుంట్ల దగ్గర పల్లెలో నాపరాళ్ల గనిలో పనిచేసేవాడు. ఆదివారం మాత్రం పల్లె చర్చిలో కీర్తనలు ఎత్తిచ్చేవాడు, అంటే మొదటి చరణం తాను పాడితే మిగతావాళ్లు అందుకునేవారు. ఆయనకు ముగ్గురు కూతుళ్లు. పెద్దామె సారమ్మ మిషను ఆసుపత్రిలో నర్సు శిక్షణ పొంది, పెళ్లయ్యాక భర్తతో కెనడా వెళ్లి విన్నిపెగ్‌లో స్థిరపడింది. నడిపామె మా అమ్మ. ఆమె ముందే పోయింది. చిన్నామె రూతమ్మ బడిలో తెలుగు పంతులమ్మ. భర్త పోయాక, పిల్లలు లేనందున, కర్నూలు పక్కనే కల్లూరులో చిన్న ఇల్లు కట్టుకుని ఒంటరిగా ఉండేది.

పెద్దమ్మకు కెనడాలో శాశ్వత నివాస హక్కు ఉండేది. పౌరసత్వం తీసుకోలేదు. తీసుకుంటే ఇండియా పాస్‌పోర్టు వదులుకోవాలి, అది ఆమెకు మనసొప్పలేదు. భర్త చనిపోయిన తర్వాత ఆమె మార్గరెట్ అనే మరో నర్సుతో కలిసి ఒకే ఇంట్లో ఉండేది. మార్గరెట్ కూడా వితంతువే. ఇద్దరూ ఒకే వార్డులో పనిచేసి, ఒకేసారి రిటైరయ్యారు.

చెల్లెలి కొత్త ఇల్లు చూద్దామని పెద్దమ్మ రెండు నెలలకని వచ్చింది. నెల తిరగకముందే రూతమ్మ చిన్నమ్మకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది. మాట పూర్తిగా పోయింది. పెద్దమ్మ తిరుగు టికెట్ రద్దు చేసుకుంది. ఆ తర్వాత చిన్నమ్మ దాదాపు నాలుగేళ్లు బతికింది. ఆ నాలుగేళ్లూ పెద్దమ్మ కల్లూరు దాటి పోలేదు.

చిన్నమ్మ సమాధి కార్యక్రమం అయిన వారానికి పెద్దమ్మ తిరిగి వెళతానంది. బంధువులెవరికీ అది నచ్చలేదు. ఎర్రగుంట్లలో లారీలు నడిపే మా నాన్న అన్న కొడుకు యేసురత్నం గట్టిగానే అడిగాడు.

"ఈ వయసులో ఆడికి పోయి ఏం జేస్తావు పెద్దమ్మా? మేం లేమా ఈడ?"

"మీరుండారప్పా. మార్గరెట్‌కు ఎవురుండారు? ఆమెకు కండ్లు పోతాండాయి. వస్తానని చెప్పి వచ్చినా."

అదొక్కటే ఆమె చెప్పిన కారణం. మార్గరెట్‌కు చూపు మధ్యభాగం కొంచెం కొంచెంగా పోయే జబ్బు. ఎదుటి మనిషి ముఖం కనపడదు, చుట్టూ ఉన్న గోడలు కనపడతాయి. వృద్ధాశ్రమంలో చేరమని అక్కడి వాళ్లు చెబుతున్నా, తాను సారా అని పిలిచే పెద్దమ్మ వస్తుందని ఆమె ఇల్లు ఖాళీ చేయకుండా ఉంది.

కెనడా చట్టం ప్రకారం శాశ్వత నివాసి ఐదేళ్లలో కనీసం రెండేళ్లు ఆ దేశంలో ఉండాలి. పెద్దమ్మ దగ్గరున్న కార్డు గడువు కూడా తీరిపోయింది. కార్డు లేనివాళ్లు విమానం ఎక్కాలంటే ప్రయాణ పత్రం కోసం దరఖాస్తు చేయాలి. చేశాం. నివాస నియమం పాటించలేదు కాబట్టి హక్కు పోయినట్టేనని తిరస్కరించారు. ఆ నిర్ణయం మీద గడువులోగా అప్పీలు చేసుకోవచ్చు. రోజుల లెక్కలో మేం ఓడిపోయామన్నది స్పష్టం. మిగిలింది కారుణ్య కారణాలు. అంటే నియమం తప్పినా, పరిస్థితులు చూసి హక్కు నిలబెట్టమని కోరడం. ఎందుకు వెళ్లారు, ఎందుకు ఉండిపోయారు, వీలైన మొదటి అవకాశంలో తిరిగి రావడానికి ప్రయత్నించారా, హక్కు పోతే ఎవరికి ఎంత కష్టం, ఇవన్నీ ట్రిబ్యునల్ చూస్తుంది. వీటిలో అన్నిటికన్నా బరువైనది రెండోది. ఉండిపోవడం ఆమె చేతిలో లేని పని అని చూపగలిగితే గెలుస్తాం.

సాక్ష్యం కోసం మొదట చిన్నమ్మను చూసిన డాక్టరు దగ్గరికి వెళ్లాను. ప్రభుత్వ సర్వీసులో జుట్టు నెరిసిన మనిషి. సర్టిఫికెట్ రాయడానికి కలం తీసి, నా వైపు తిరిగాడు. "మేడం, నాలుగేండ్లు మంచంలో ఉన్న మనిషి. చివరి రోజు నేనే పక్కకు తిప్పి చూసినా. వీపు మీద ఒక్క పుండు లేదు. నా సర్వీసులో అట్లాంటి వీపు చూడలా" అన్నాడు. ఆ మాటనే రాసిమ్మన్నాను.

కానీ పెద్దమ్మ చేసిన పనిలో అది చిన్న భాగం. పెద్ద భాగం నేను కళ్లారా చూశాను.

పక్షవాతం వచ్చిన ఐదారు నెలల దాకా చిన్నమ్మ అవునని గానీ కాదని గానీ అనలేకపోయింది. జీవితమంతా పిల్లలకు మాటలు నేర్పిన మనిషి నోట్లోంచి ఒక్క శబ్దమే వచ్చేది, అదీ ఏడుపులాగా. ఒక ఆదివారం ఉదయం పెద్దమ్మ ఆమెకు ఒళ్లు తుడుస్తూ, తాత చర్చిలో ఎత్తిచ్చిన ఒక కీర్తన కూనిరాగం తీసింది. మొదటి చరణం ఆగిన చోట చిన్నమ్మ రెండో చరణం అందుకుంది. మాటలతో సహా, తప్పు లేకుండా.

పెద్దమ్మ కంగారు పడలేదట. మెదడులో మాట ఉండే తావు వేరు, పాట ఉండే తావు వేరని ఆమెకు నర్సుగా తెలుసు. విన్నిపెగ్ వార్డులో అలాంటి రోగిని ఒకరిని చూసింది. ఆ రోజు నుంచీ అదే రాగంలో ఇంటి మాటలు పెట్టి పాడటం మొదలుపెట్టింది. నీళ్లు, దుప్పటి, నొప్పి, కిటికీ. ఒక్కో మాటకు వారాలు పట్టేది. ఒక సాయంత్రం నేను వెళ్లేసరికి పెద్దమ్మ రాగం ఎత్తింది. మంచం మీది చిన్నమ్మ నా వైపు చూసి, ఆ కీర్తన రాగంలోనే, "పాప వచ్చె, కాఫీ ఇయ్యి" అని పాడింది. నేను గడప దగ్గరే నిలబడిపోయాను. ఆ ఇంట్లో ఆ తర్వాత ఎన్నోసార్లు ఆ పాటలు విన్నాను. ఒక్కసారి కూడా మామూలుగా అనిపించలేదు.

అయితే ఆ రాగం పెద్దమ్మ ఎత్తుకుంటేనే చిన్నమ్మ అందుకునేది. సాయానికి పెట్టుకున్న ఇద్దరు ఆయాలూ పాడి చూశారు, నేనూ పాడి చూశాను. మా ముఖం వైపు చూసి ఊరుకునేది. చిన్నప్పుడు చర్చిలో పక్కపక్కన నిలబడి పాడిన గొంతే కావాలేమో. డాక్టరు కూడా దానికి కారణం చెప్పలేకపోయాడు.

ఇదంతా అఫిడవిట్‌లో ఒక పేరాగా రాశాను. రాసి చదువుకుంటే నాకే కట్టుకథలా అనిపించింది. అయినా ఉంచాను.

విచారణ వీడియోలో జరిగింది. వాళ్లకు పొద్దున, మాకు దీపాలు పెట్టే వేళ. కర్నూల్లో మా ఆఫీసు గదిలో కూర్చున్నాం. అక్కడ తీర్పు చెప్పేది ఒక్కరే, వారిని మెంబరు అంటారు. మాకు వచ్చింది ఒక నడివయసు ఆమె. ప్రభుత్వం తరఫున ఒక యువ న్యాయవాది. పెద్దమ్మకు ఇంగ్లీషు బాగా వచ్చినా తెలుగు దుబాసీని అడిగాం. అది ఆమె పట్టుదల. "నా చెల్లెలి సంగతి ఇంగ్లీషులో చెప్తే యెవురిదో చెప్పినట్టుంటాది" అంది.

ముందు మార్గరెట్ తన ఇంటి నుంచి ఫోనులో సాక్ష్యం చెప్పింది. ఈ అప్పీలు ఓడిపోతే నీకేం జరుగుతుందని అడిగితే, "ఆశ్రమానికి వెళతాను, బతుకుతాను. కానీ సారా వస్తానంది కాబట్టి నేను ఆ ఏర్పాట్లేమీ చేసుకోలేదు" అని మాత్రం అంది.

తర్వాత పెద్దమ్మ వంతు. చీఫ్, అంటే మన సాక్షికి మనమే వేసే ప్రశ్నలు, సాఫీగా జరిగింది. తర్వాత క్రాస్, అంటే ఎదుటి పక్షం ప్రశ్నలు. ఆ యువకుడు మర్యాదగానే అడిగాడు.

"మీ ఊళ్లో రోగుల్ని చూసుకునే ఆయాలు దొరుకుతారు కదా?"

"దొరుకుతారు. ఇద్దరుండిరి."

"మధ్యలో కొన్ని నెలలు కెనడా వచ్చి వెళ్లే ఆరోగ్యం మీకుందా?"

"ఉన్నింది."

"అంటే రాకపోవడం మీరు ఎంచుకున్నదే."

"అవును సార్. నేనే ఎంచుకున్నా. నన్నెవురూ పట్టుకోలేదు."

చేతిలో లేని పని అని నేను పేజీల కొద్దీ రాసిన వాదనను ఆమె ఒక్క ముక్కలో తీసేసింది. క్రాసులో దెబ్బతిన్నదాన్ని సరిచేసుకోవడానికి మన పక్షానికి మళ్లీ ప్రశ్నించే అవకాశం ఉంటుంది. ఏం అడగాలా అని వెతుక్కుంటుండగానే మెంబరు తానే అడిగింది. ఇన్నేళ్లలో మీకు ఎప్పుడూ విసుగు రాలేదా అని.

"యాష్ట ఎందుకు రాదమ్మా? శానా వచ్చింది" అంది పెద్దమ్మ.

దుబాసీ ఆగిపోయింది. ఆమెది కోస్తా ప్రాంతం కాబోలు, యాష్ట అన్న మాట తెలియలేదు. విసుగూ అలసటా కలిసినదని పెద్దమ్మే ఇంగ్లీషులో వివరించి, మళ్లీ తెలుగులోకి వచ్చింది.

"ఒగో దినం ఈమె పోతే నేనూ మార్గరెట్ దగ్గరికి పోతా గదా అనుకున్నా. అది గూడా రాసుకోండి. మళ్ల తెల్లారి నేను పాట ఎత్తుకుంటే ఆమె అందుకునేది. నేను పోతే ఆ మాటలు యాడికి పోతాయి? నోరు మళ్ల మూసుకపోతాది. దాన్ని మూగదాన్ని జేసి నేను ఇమానం ఎక్కలేకపోయినా. అంతే."

అఫిడవిట్‌లోని ఆ పేరా తాను చదివానని, ఆ పాట ఎలా ఉండేదో చెప్పగలరా అని మెంబరు అడిగింది. పెద్దమ్మ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. పాడింది.

"నీళ్లు గావాలక్కా, సల్లని నీళ్లు గావాల."

అంతే ఆ పాట. డెబ్బై ఏడేళ్ల గొంతు అక్కడక్కడా బీటలిచ్చింది, కానీ రాగం తప్పలేదు. ఎర్రగుంట్ల పక్క పల్లెలో గని కూలీలు పాడుకున్న రాగం. దుబాసీ అర్థం చెప్పలేదు, చెప్పమని ఎవరూ అడగలేదు. పెద్దమ్మ కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది. మళ్లీ ప్రశ్నించేది ఏమైనా ఉందా అని మెంబరు నన్ను అడిగింది. లేదన్నాను.

ప్రభుత్వ న్యాయవాది తన పని తాను చేశాడు. కష్టం నిజమే కావచ్చు, రోజుల లోటు చాలా పెద్దది, రాకపోవడం స్వచ్ఛందమని అప్పీలుదారే ఒప్పుకున్నారు అని వాదించాడు. అతని వాదనలో తప్పు పట్టడానికి నాకేమీ కనిపించలేదు. తీర్పు రిజర్వు చేశారు, అంటే తర్వాత రాతపూర్వకంగా పంపుతామన్నారు.

ఆ తర్వాతి వారాల్లో నేను పెద్దమ్మను ఒక్కసారే అడిగాను, అలా ఎందుకు చెప్పావని.

"అడిగినాడు గదా పాపా" అంది. ఆ రోజు ఆమె వేరుశెనక్కాయలు వలుస్తూ ఉంది. మళ్లీ ఆ విషయం ఎత్తలేదు.

దసరా సెలవుల తర్వాత కోర్టులు తెరిచాక తీర్పు వచ్చింది. అప్పీలు అనుమతించారు. పేజీలు తిప్పి ఫలితం ముందు చూశాను. తర్వాత మొదటి నుంచి చదివాను. నా వాదనను మెంబరు అంగీకరించలేదు. ఉండిపోవడం ఆమె చేతిలో లేని పని కాదని, అది ఆమె ఎంచుకున్నదేనని స్పష్టంగా రాసింది. ఆ తర్వాతి వాక్యాల సారాంశం ఇది: తనకు నష్టం చేసే ఈ విషయాన్ని అప్పీలుదారు అడిగిన వెంటనే ఒప్పుకున్నారు, కాబట్టి ఆమె చెప్పిన మిగతా విషయాలను, ఇతర ఆధారం లేని వాటిని సైతం, నేను నమ్ముతున్నాను, మరొకరి నోట్లో మాట నిలిపి ఉంచడం కోసం చేసిన ఇలాంటి ఎంపికను ఈ చట్టం శిక్షించాలని నేను అనుకోను. ఆ భాగాన్ని నేను రెండుసార్లు చదివి, కాగితాలు బల్ల మీద పెట్టి, లేచి వరండాలోకి వెళ్లాను.

ప్రయాణ పత్రం వచ్చాక యేసురత్నం, నేను ఆమెను హైదరాబాదు దాకా తీసుకువెళ్లి విమానం ఎక్కించాం. లోపలికి పోయే ముందు యేసురత్నం చేతి సంచిని తానే ఆమె భుజానికి సర్ది, "పోయిరా పెద్దమ్మా" అన్నాడు. ఇప్పుడు పెద్దమ్మకు ఎనభై దాటాయి. మార్గరెట్‌కు చూపు దాదాపు పోయింది. ఇద్దరూ ఆ ఇంట్లోనే ఉన్నారు. పొద్దున పూట పెద్దమ్మ ఆమెకు పేపరు చదివి వినిపిస్తుంది.

తనకు వ్యతిరేకంగా సాక్షి ఒప్పుకున్న మాటకు బరువు ఎక్కువని సాక్ష్య చట్టంలో ప్రతి లా విద్యార్థీ చదువుతాడు. నేనూ చదివాను. అది సాధారణంగా ఎదుటి పక్షానికి పనికొచ్చే సూత్రంగానే వాడాను. ఆ ఒప్పుకోలు చెప్పిన మనిషికే పనికి రాగలదని ఈ కేసులో నేర్చుకున్నాను. ఆ తర్వాత మిగిలిన రెండేళ్ల ప్రాక్టీసులో సాక్షులను తయారు చేసేటప్పుడు నేను చెప్పింది ఒక్కటే: అడిగినదానికి ఉన్నది చెప్పండి, మిగతాది నేను చూసుకుంటాను.